బిల్ట్‌మోర్ ఎస్టేట్‌కి అమ్మానాన్నలతో ఒక్కరోజు: ఇల్లు ముందు చూడాలా, తోటలు ముందు చూడాలా?

కటాబా ఒడ్డు:

అందరికీ నమస్తే. అక్టోబర్ మూడో వారంలో షార్లెట్ నుంచి ఆష్‌విల్ వెళ్లి బిల్ట్‌మోర్ (అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో, తోటల మధ్య ఉన్న పాతకాలపు పెద్ద భవంతి) చూసి రావాలని అనుకుంటున్నాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉన్నచోట అరగంట నడుస్తుంది, మెట్లయితే ఒక అంతస్తు దాటడం కష్టం. నాన్న ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి బంగారు రేకుల గదుల కన్నా గోడ ఎలా లేచింది, పైకప్పు దేనిమీద నిలబడింది అన్నదే ముఖ్యం. ఏడేళ్ల పాప కూడా వస్తుంది. అందరం శాకాహారులం.

తెలియాల్సినవి: ఇంట్లోకి వెళ్లే టైము ఎప్పటికి బుక్ చేసుకుంటే మంచిది? మెట్లెక్కలేనివాళ్లకి ఏమేం మిగిలిపోతాయి? నాన్నకి ఏవి తప్పకుండా చూపించాలి? తోటలు, ఊరివైపు ఉన్న వైనరీ అన్నీ ఒక్కరోజులో అవుతాయా?

నీలికొండల దారి:

నమస్తే అండి. ముందు టికెట్ సంగతి చెప్తాను, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. టికెట్ మీద ఉండే టైము ఎస్టేట్ గేటుది కాదు, ఇంటి గుమ్మంలో అడుగుపెట్టే టైము. గేటు నుంచి ఇంటిదాకా దాదాపు మూడు మైళ్ల దారి, మెల్లగా వెళ్లాల్సిన వంకర రోడ్డు. తర్వాత పార్కింగ్, అక్కడ్నుంచి షటిల్ బస్సు, దిగాక గుమ్మం ముందు క్యూ. అక్టోబర్ శని, ఆదివారాల్లో గేటు దగ్గరే కార్లు బారులు తీరతాయి. అందుకని ఇంటి టైముకి కనీసం గంట ముందు గేటు దాటేలా బయల్దేరండి. షార్లెట్ నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఐ-40 మీద 50వ ఎగ్జిట్ దిగితే బిల్ట్‌మోర్ విలేజ్ ఎదురుగా ఎస్టేట్ మెయిన్ ఎంట్రన్స్ అయిన లాడ్జ్ గేటు వస్తుంది. ఫోన్‌లో ‘బిల్ట్‌మోర్’ అని మాత్రమే కొడితే ఎస్టేట్‌లో ఇంకేదో చోటికి దారి చూపించవచ్చు, మెయిన్ ఎంట్రన్స్ అడ్రసు పెట్టుకోండి.

టికెట్ ధర రోజును బట్టి మారుతుంది, ఆకులు రంగు మారే వారాలూ క్రిస్మస్ సీజనూ బాగా ఖరీదు. కుదిరితే మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి. పిల్లల టికెట్‌కి వయసు హద్దులుంటాయి, బుక్ చేసేటప్పుడు పాప వయసు పెట్టి చూసుకోండి.

ఇక మీ మొదటి ప్రశ్న. ఇల్లే ముందు చూడండి, దొరికినంతలో పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి. పెద్దవాళ్లని అలసగొట్టేది నడక కాదు, నిలబడటం. పదకొండు దాటాక ప్రతి గది తాడు దగ్గరా జనం ఆగిపోతారు, వాళ్ల వెనకాల మీరూ అడుగు కదపకుండా నిలబడాలి. మొదటి స్లాట్‌లో గది నుంచి గదికి సాఫీగా సాగిపోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. అక్టోబర్‌లో ఎస్టేట్ పక్క ఫ్రెంచ్ బ్రాడ్ నది లోయలో పొద్దున పొగమంచు దట్టంగా పడుతుంది. తోటలకీ కొండల చూపుకీ అది అడ్డం, ఇంటి లోపలికి కాదు.

ఇంట్లో దారి దాదాపు ఒకే వరస. మొదట కింది అంతస్తు: అద్దాల కప్పున్న వింటర్ గార్డెన్, బాంకెట్ హాల్, బ్రేక్‌ఫాస్ట్ రూమ్, సలోన్, టాపెస్ట్రీ గ్యాలరీ, లైబ్రరీ. తర్వాత మెట్లెక్కి పడకగదులు. ఆఖరున బేస్‌మెంట్. మీ అమ్మగారికి మెట్ల పేచీ లేకుండా దొరికేది కింది అంతస్తు, అదృష్టం ఏమిటంటే ఇంటి వైభవంలో పెద్ద భాగం అక్కడే ఉంది. బాంకెట్ హాల్ 72 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పు, కప్పు 70 అడుగుల ఎత్తు. లైబ్రరీ కప్పు మీది చిత్రం వెనిస్‌లోని పిసాని భవనం నుంచి తెచ్చింది, పెల్లెగ్రిని గీసింది. ఆ గది గోడలనిండా పదివేల పైన పుస్తకాలు. సలోన్‌లో చిన్న చదరంగం బల్ల కనిపిస్తుంది, సెయింట్ హెలెనా ద్వీపంలో బందీగా ఉన్నప్పుడు నెపోలియన్ వాడినది. ఎవరూ చెప్పకపోతే దాన్ని దాటేసి వెళ్లిపోతారు.

పై అంతస్తులకి పాతకాలపు లిఫ్ట్ ఉంది. అది చిన్నది, అందరికీ తెరిచి ఉంచరు. టికెట్ చూపించే చోటే ‘మా అమ్మగారు మెట్లెక్కలేరు’ అని చెప్పండి, ఎంతవరకు తీసుకెళ్తారో వాళ్లే చెప్తారు. మొహమాటపడి ఊరుకుంటే మెట్ల మధ్యలో ఇరుక్కుపోతారు, వెనక జనం ఉంటారు కాబట్టి దిగి రావడం కూడా ఇబ్బందే. ఇంటి దగ్గర వీల్‌చెయిర్లు ముందొచ్చినవాళ్లకి ఇస్తారు, మొదటి స్లాట్‌కి ఇదొక లాభం. బేస్‌మెంట్‌కి మాత్రం మెట్లే గతి. అమ్మగారితో ఒకరు పక్కనే ఉన్న గుర్రపుశాల ఆవరణకి వెళ్లి కూర్చోవచ్చు. అక్కడ కెఫే, ఐస్‌క్రీమ్ కొట్టు, రెస్ట్‌రూమ్‌లు ఉన్నాయి. ఇంట్లోకి వెళ్లే ముందు కూడా అందరూ ఆ రెస్ట్‌రూమ్‌లకి వెళ్లి రండి, లోపల రెండు గంటల పైనే పడుతుంది.

ఇంకో మాట, ఒకసారి బయటికొస్తే మళ్లీ అదే టికెట్‌తో ఇంట్లోకి రానివ్వరు. ‘బేస్‌మెంట్ తర్వాత చూద్దాం’ అనుకోవద్దు.

పాత కట్టడాలు:

మీ నాన్నగారి కోసం రాస్తున్నాను. దయచేసి ఆయన్ని ఇంట్లోకి తీసుకెళ్లే ముందే, లాడ్జ్ గేటు కిందనుంచి కారు వెళ్లేటప్పుడు కమాను కడుపు వైపు తలెత్తి చూడమనండి. పల్చటి కాల్చిన మట్టి పలకల్ని బల్లపరుపుగా పేర్చిన కప్పు కనిపిస్తుంది. అది రఫాయెల్ గాస్టవీనో పని. స్పెయిన్ నుంచి అమెరికా వచ్చిన మేస్త్రీ-ఇంజనీరు ఆయన. మామూలు కమానుకి కింద చెక్క సెంట్రింగ్ కట్టి, రాళ్లు పేర్చి, ఆరాక చెక్క తీస్తాం. గాస్టవీనో పద్ధతిలో పలక అంచుకి త్వరగా గట్టిపడే గార పూసి పక్క పలకకి అంటిస్తారు, కింద పూర్తి సెంట్రింగ్ అక్కర్లేదు. ఒక పొర అయ్యాక దానిమీద సిమెంటు గారతో రెండో పొర, మూడో పొర, ఒకదాని అతుకుల మీద ఇంకోదాని అతుకు పడకుండా వేస్తారు. మొత్తం మందం కొన్ని అంగుళాలే, బరువు తక్కువ, నిప్పంటుకోదు. అదే పని మళ్లీ ఇంట్లో వింటర్ గార్డెన్ చుట్టూ ఉన్న నడవ కప్పులోనూ, కింద ఈతకొలనులోనూ కనిపిస్తుంది. మూడుచోట్లా చూపించండి.

కట్టడం లెక్కలు ఆయనకి నచ్చుతాయి. పని 1889లో మొదలైంది, 1895 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇల్లు తెరిచారు. కట్టించినాయన జార్జ్ వాషింగ్టన్ వాండర్‌బిల్ట్, ప్లాను రిచర్డ్ మోరిస్ హంట్‌ది. సున్నపురాయి ఇండియానా నుంచి రైల్లో వచ్చింది. కొండమీదికి సామాను చేరడానికి మూడు మైళ్ల పొడవున ప్రత్యేకంగా రైలు పట్టాలు వేశారు. ఇటుకల బట్టీ అక్కడే పెట్టి రోజుకి 32,000 ఇటుకలు కాల్చారు. పైన కనిపించేది రాయి, వెనకాల మోసేది ఇటుక. ముందు గోడ పొడవు 375 అడుగులు. 250 గదులు, 65 నిప్పుగూళ్లు, 43 స్నానాలగదులు. 1895లో అన్ని స్నానాలగదులకి పైపులు నడిపించడమే పెద్ద ఇంజనీరింగ్.

పెద్ద మెట్ల దగ్గర ఆయన కాసేపు ఆగుతారు, ఆగనివ్వండి. గుండ్రంగా తిరుగుతూ నాలుగు అంతస్తులు పైకి లేచే మెట్లు, 102 మెట్లు. నడిమధ్యలో స్తంభం లేదు. ప్రతి రాతిమెట్టూ ఒక చివర గోడలో నాటుకుని ఉంటుంది, ఇంకో చివర కింది మెట్టు అంచు మీద ఆనుతుంది. ఆ ఖాళీ మధ్యలో 1,700 పౌండ్ల ఇనుప షాండ్లియర్ నాలుగంతస్తుల నిడివిన పైనుంచి వేలాడుతుంది. కిందనుంచి నేరుగా తలెత్తి చూస్తే కన్నా, రెండో అంతస్తు మలుపులో ఒక పక్కకి జరిగి మెట్ల అడుగుభాగం చూస్తే రాయి గోడలోకి వెళ్లిన చోటు తెలుస్తుంది.

రెండో అంతస్తు హాల్లో రెండు పెద్ద చిత్రాలున్నాయి. ఒకటి హంట్‌ది, ఇంకోటి తోటలు వేసిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌ది. రెండూ జాన్ సింగర్ సార్జెంట్ గీసినవే. యజమాని తన ఇంట్లో ఆర్కిటెక్టుకీ తోటల డిజైనరుకీ ఇంత పెద్ద చోటివ్వడం ఇంజనీరుగా పనిచేసిన మనిషికి తప్పకుండా చూపించాల్సిన సంగతి.

బేస్‌మెంట్ మాత్రం వదలొద్దు. నా లెక్కలో ఈ ఇంట్లో అన్నిటికన్నా విలువైన అంతస్తు అదే. పై గదులు డబ్బు ఎంత ఖర్చుపెట్టారో చెప్తాయి, కింది గదులు ఇల్లు ఎలా నడిచిందో చెప్తాయి. ఈతకొలను 70,000 గ్యాలన్లది. నీళ్లని శుభ్రం చేసే వడపోత యంత్రం అప్పట్లో లేదు, కాబట్టి వాడాక నీళ్లు మొత్తం వదిలేసి మళ్లీ నింపేవారు. తొట్టి గోడలో నీళ్లకింద దీపాలున్నాయి, పక్కల పట్టుకోవడానికి తాళ్లు వేలాడుతుంటాయి. ఇప్పుడు ఖాళీగా ఉంటుంది కాబట్టి పలకల అతుకులు అడుగుదాకా కనిపిస్తాయి. పక్కనే రెండు వరసల బౌలింగ్ ఆలీ, పడిన పిన్నుల్ని పనివాళ్లు చేత్తో నిలబెట్టేవారు.

వంటగదులు మూడు: పెద్ద వంటకి ఒకటి, కేకులూ రొట్టెలకి ఒకటి, మాంసం తిప్పి కాల్చడానికి ఒకటి. వేడి, చల్లదనం, పొగ ఒకదానితో ఒకటి కలవకుండా అలా విడదీశారు. పైనున్న భోజనాల గదికి వంటకాలు వెళ్లడానికి చిన్న సామాను లిఫ్టులు రెండున్నాయి, ఒకటి కరెంటుతో, ఇంకోటి తాడు లాగి నడిపేది. నడిచి లోపలికి వెళ్లే శీతల గదులు కూడా ఉన్నాయి, అమ్మోనియాతో చల్లబరిచిన ఉప్పునీళ్లు పైపుల్లో తిరిగేవి. చాకిరేవు గదిలో గోడలోంచి బయటికి లాగే పొడవాటి కొయ్య అరల్లాంటివి కనిపిస్తాయి, తడిబట్టలు వాటిమీద వేసి లోపలికి తోస్తే వేడిగొట్టాల మీద ఆరేవి. కొండ ప్రాంతంలో తేమ ఎక్కువ, వందల దుప్పట్లు ఎండకి వేస్తే ఆరవు.

లోపల ఫ్లాష్ వేయకుండా ఫోటోలు తీసుకోవచ్చు. పాత గుడ్డలూ కాగితాలూ పాడవకుండా చాలా గదుల్లో వెలుతురు తక్కువగా ఉంచుతారు. పెద్దవాళ్లకి కళ్లు అలవాటుపడటానికి ఒక నిమిషం పడుతుంది, గుమ్మాల దగ్గర చెయ్యి పట్టుకోండి.

రెండు పూటలు:

భోజనం గురించి క్లుప్తంగా. కూర్చుని తినే రెస్టారెంట్లకి అక్టోబర్‌లో ముందుగా బుక్ చేయాలి, లేకపోతే మధ్యాహ్నం గంటల తరబడి ఆగాలి. గుర్రపుశాలలోని కెఫేలో గుర్రాల గళ్లనే బల్లలుగా మార్చారు, పాపకి సరదాగా ఉంటుంది. అమెరికా దక్షిణాది వంటలో శాకాహారికి ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. చిక్కుళ్లు, ఆకుకూర, మొక్కజొన్న గ్రిట్స్, సూపులు పేరుకి కూరగాయలే. వాటిలో పంది మాంసం ముక్కలో, కోడి రసమో వేసి ఉడికించడం అక్కడ మామూలు. ‘వెజిటేరియనా’ అని అడిగితే అవునంటారు. ‘బేకన్, హామ్, చికెన్ స్టాక్ వేశారా’ అని విడిగా అడగండి. పులిహోరో, పెరుగన్నమో కారులో పెట్టుకుని వెళ్తే పెద్దవాళ్లకి నిశ్చింత. ఇంట్లోకి తిండి తీసుకెళ్లనివ్వరు, బయట ఎక్కడ కూర్చుని తినొచ్చో గేటు దగ్గర అడిగి తెలుసుకోండి. రాత్రికి ఆష్‌విల్ ఊళ్లో చాయ్ పానీ ఉంది. 2022లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్లు దేశంలోకెల్లా మేటి రెస్టారెంటుగా ఎంపిక చేశారు. చాట్, భేల్ పూరి, థాలీ దొరుకుతాయి, జనం మాత్రం బాగా ఉంటారు.

కటాబా ఒడ్డు:

చాలా ఉపయోగపడింది అండి. నాన్న లాడ్జ్ గేటు దగ్గరే ఆగిపోతారేమో! తోటల సంగతి ఎవరైనా చెప్పగలరా? అమ్మకి పూలంటే ప్రాణం. ఒక్కరోజులో వైనరీ దాకా వెళ్లాలా వద్దా కూడా చెప్పండి, మేమెవరం తాగం.

తోటమాలి:

తోటలకి ముందు దారి గురించి చెప్పాలి, ఎందుకంటే తోట గేటు దగ్గరే మొదలైపోతుంది. ఆ మూడు మైళ్ల దారిని ఓమ్‌స్టెడ్ వేసిన తీరు గమనించండి. ఎక్కడా దూరచూపు ఉండదు. పక్కన చిన్న వాగు, చిక్కటి రోడోడెండ్రాన్ పొదలు, మలుపు తర్వాత మలుపు. అడవి తనంతట తానే పెరిగినట్టు అనిపిస్తుంది, కానీ ఆ మొక్కల్లో చాలావాటిని నాటించారు. ఆఖరి మలుపు తిరగ్గానే ఒక్కసారిగా పచ్చిక మైదానం, దాని చివర ఇల్లు. కారు వెనక సీట్లో ఫోన్లు చూసుకుంటే ఇది పోతుంది. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

ఇక నడిచే తోటలు. మ్యాప్‌లో పక్కపక్కన కనిపిస్తాయి కానీ నేల మీద అవి ఒకదాని కింద ఒకటి మెట్లుగా దిగుతాయి. ఇంటి పక్కన ఇటాలియన్ తోట, మూడు కొలనులతో. ఇది చదును, అమ్మగారికి హాయి. అక్కడ్నుంచి పొదల తోట, తర్వాత గోడలున్న వాల్డ్ గార్డెన్, దాని చివర కన్సర్వేటరీ అనే మొక్కల అద్దాల ఇల్లు, ఇంకా కిందికి అజేలియా తోట, అన్నిటికన్నా అడుగున బాస్ పాండ్ అనే చెరువు. వెళ్లేటప్పుడు దిగుడు కాబట్టి అందరూ సరదాగా నడిచేస్తారు, తిరిగొచ్చేటప్పుడు ఆ ఎక్కుడు మోకాళ్లని పట్టేస్తుంది. మోకాళ్లు అరిగినవాళ్లకి దిగుడు కూడా నొప్పే. అమ్మగారితో ఇటాలియన్ తోటా, లైబ్రరీ పక్క టెర్రసూ చూసి ఆగండి. వాల్డ్ గార్డెన్‌కి కారులో దగ్గరదాకా వెళ్లే వీలుందా అని షటిల్ డ్రైవర్ని అడగండి, ఇంటి నుంచి నడిపించొద్దు.

వాల్డ్ గార్డెన్ మాత్రం ఆవిడకి చూపించి తీరాలి. నాలుగు ఎకరాలు, ఏప్రిల్‌లో తులిప్‌లు, వేసవిలో ఒక్క ఏడాదే బతికే పూలమొక్కలు, అక్టోబర్‌లో చామంతులు. మన చామంతుల్ని మడులు మడులుగా, రంగుకొక మడి చొప్పున అంత విస్తారంగా వేయడం చూస్తే ఆవిడ అక్కడే కూర్చుంటారు. పక్కనే గులాబీ తోటలో 250 పైగా రకాలున్నాయి, మంచు కురిసేదాకా కొన్ని పూస్తూనే ఉంటాయి. అజేలియాల కోసం మాత్రం అక్టోబర్‌లో కిందికి దిగొద్దు. అవి ఏప్రిల్ నుంచి మే మొదటి వారాల దాకానే, ఇప్పుడు ఆకులే. కన్సర్వేటరీలో తాటిజాతి మొక్కలు, ఆర్కిడ్లు ఉంటాయి, లోపల వెచ్చగా తేమగా ఉంటుంది. పొగమంచు పొద్దున చలికి వణికిన పెద్దవాళ్లకి మంచి చోటు.

టెర్రస్ మీద నిలబడి పడమటికి చూస్తే పిస్గా కొండ కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ కొండదాకా, మొత్తం 1,25,000 ఎకరాలు, ఈ ఎస్టేటే. అప్పట్లో అది మహారణ్యం కాదు. చెట్లు నరికేసి, పోడు చేసి నిస్సారమైన నేల. ఇంటిచుట్టూ పార్కు, నది ఒడ్డున సేద్యం, మిగతాదంతా అడవి పెంచమని సలహా ఇచ్చింది ఓమ్‌స్టెడ్. గిఫర్డ్ పింషో, తర్వాత జర్మనీ నుంచి వచ్చిన కార్ల్ షెంక్ ఆ పని చూశారు. 1898లో షెంక్ ఇక్కడే అమెరికాలో మొదటి అటవీ విద్యాలయం పెట్టారు. 1914లో వాండర్‌బిల్ట్ చనిపోయాక ఆయన భార్య ఈడిత్ దాదాపు 87,000 ఎకరాలు ప్రభుత్వానికి అమ్మారు, అదే పిస్గా నేషనల్ ఫారెస్ట్‌కి పునాది. ఇప్పుడు ఎస్టేట్‌కి 8,000 ఎకరాలు మిగిలాయి. నాన్నగారికి గోడలు చూపిస్తున్నారు కదా, ఈ అడవి కూడా కట్టిందే అని చెప్పండి.

మీరడిగిన వైనరీ ఉన్న ఆంట్లర్ హిల్ విలేజ్‌కి తప్పకుండా వెళ్లండి, తాగకపోయినా సరే. కారులో వెళ్లాలి, టికెట్‌లోనే కలిసి ఉంటుంది. వైనరీ ఒకప్పటి పాలడెయిరీ కొట్టం, 1985లో మార్చారు. అక్కడున్న పశువుల దొడ్డి పాపకి, చదునైన బాటలు అమ్మగారికి. మధ్యాహ్నం మూడున్నరకల్లా ఇంటివైపు ముగించి అటు బయల్దేరితే సరిపోతుంది.

2024 సెప్టెంబర్ 27న హెలీన్ తుఫాను ఈ ప్రాంతాన్ని చాలా దెబ్బతీసింది. ఎస్టేట్ నవంబర్ 2న మళ్లీ తెరిచారు. ఎక్కడైనా చెట్లు కూలిన ఖాళీలు కనిపిస్తే కారణం అదే. కొండల మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు మీద కూడా వెళ్లాలనుకుంటే ఏ భాగం తెరిచి ఉందో నేషనల్ పార్క్ సర్వీస్ పేజీలో బయల్దేరే రోజు పొద్దున చూసుకోండి.

నీలికొండల దారి:

తోటమాలి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆకుల రంగు ఎత్తును బట్టి పైనుంచి కిందికి దిగుతుంది. పార్క్‌వే మీద అయిదువేల అడుగుల పైన అక్టోబర్ మొదటి వారాల్లోనే రంగు వస్తుంది. ఎస్టేట్ అంత ఎత్తులో లేదు, అక్కడ నెల మూడో వారం నుంచి చివరిదాకా. మీ తేదీ ఎస్టేట్‌కి సరిగ్గా సరిపోయింది, పై కొండల్లో మాత్రం చాలావరకు రాలిపోయి ఉంటుంది.

పాత కట్టడాలు:

మర్నాడు ఉదయం ఆష్‌విల్‌లో ఉంటే నాన్నగారిని సెయింట్ లారెన్స్ బసిలికాకి తీసుకెళ్లండి. గాస్టవీనో బిల్ట్‌మోర్ పని కోసం వచ్చి ఈ ప్రాంతంలోనే స్థిరపడి కట్టిన చర్చి అది. ఆయన సమాధి కూడా అందులోనే. కోడిగుడ్డు ఆకారపు గుమ్మటం, 82 అడుగుల పొడవు, 58 అడుగుల వెడల్పు, కింద ఒక్క స్తంభం లేదు, అంతా ఆ పల్చటి పలకలే. ప్రార్థన జరిగే వేళలు తప్పించి వెళ్లండి.

ఫోటో గురించి కూడా చెప్పనా? ఇంటి ముఖం తూర్పుకి. ముందు గోడ మీద ఎండ పొద్దున పడుతుంది, మధ్యాహ్నం తర్వాత నీడే. ఇంటికి ఎదురుగా పచ్చిక చివర వాలు మీద డయానా విగ్రహం ఉంది, ఇల్లు మొత్తం ఒక్క చట్రంలో ఇమిడేది అక్కడ్నుంచే. అక్కడికి ఎక్కుడుంది, అమ్మగారిని కింద పచ్చిక దగ్గరే నిలబెట్టి తీయండి. ఇంట్లోంచి బయటికొచ్చేసరికి పొగమంచు విడిపోయి, పదకొండు దాటకుండా ఉంటే వెలుగు ఇంకా ముందువైపే ఉంటుంది.